లెక్కల పీరియడ్‌లో మైండ్‌సెట్

పిల్లలకు లెక్కలు నేర్పడం తక్షణం మానేయాలి! ఊరికే అనడం లేదు. మా అమ్మాయి బడిలో మానేశారు, ఎంత హాయిగా ఉందో!

తొమ్మిదో తరగతి. బడి తెరిచిన వారానికే లెక్కల మేడమ్ మానేసి వెళ్లిపోయింది. ఇంకో బడి అయితే ఇంకో మేడమ్ కోసం కాళ్లరిగేలా తిరిగేది. వీళ్లు అలాంటివాళ్లా? ఆ పీరియడ్‌లో ‘ఎంట్రప్రెన్యూర్ మైండ్‌సెట్’ అని, వ్యాపారవేత్తల్లా ఆలోచించడం నేర్పే క్లాసు పెట్టేశారు! కోటు వేసుకున్న కుర్ర సారు ఒకాయన వచ్చి, సమస్య కనిపిస్తే ఏడవకూడదనీ, అవకాశం దొరికిందని మురిసిపోవాలనీ ఐదు నెలలుగా చెబుతున్నాడు.

ఫలితం ఇంట్లోనే కనిపిస్తోంది. తమ్ముడి షూ లేసు కట్టమంటే, ఫ్రీ ట్రయల్ నిన్నటితో అయిపోయిందంటోంది. మా అమ్మ కళ్లజోడు కనపడక ఇల్లంతా తడుముకుంటుంటే, వెతికిపెట్టడం మాని పెన్నూ పుస్తకంతో సర్వేకు దిగింది.

"నానమ్మా, అది పోయినప్పుడల్లా నీకేమనిపిస్తుంది?"

"నీ వీపు విమానం మోత మోగించాలనిపిస్తుందే!"

పిల్ల అదీ రాసుకుంది. ఇంతకన్నా ఏం కావాలండీ?

ఒక్కటే లోటు. వచ్చే నెలలో పరీక్షలు. పిచ్చిపిల్ల లెక్కల పుస్తకంలో మూడో పాఠం దగ్గర ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. చెబుదామంటే ఆ మూడో పాఠం నాకు నా రోజుల్లోనే అర్థం కాలేదు.

శనివారం ‘పిచ్ డే’, అంటే పిల్లలు తమ వ్యాపార ఆలోచనలు మైకులో చెప్పే రోజు. తల్లిదండ్రుల్నీ పిలిచారు. హోంవర్క్ చేయనివాళ్లకు సాకులు సరఫరా చేసే యాప్ గురించి ఒకడు చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది!

తర్వాత మా అమ్మాయి మైకు పట్టుకుంది.

"మా సమస్య, లెక్కలకి టీచర్ లేరు. కస్టమర్లు, మేం నలభై మందిమి. పరిష్కారం, ఒక లెక్కల టీచర్."

"ఇందులో కొత్తదనం ఏముందమ్మా?" అంది హెడ్‌మిస్ట్రెస్. పదికి సున్నా వేయించింది! నాకు ఒళ్లు మండిపోయింది.

గేటు దగ్గర కోటు సారు నన్ను పక్కకు పిలిచాడు.

"పాపకి సున్నా వేయడం నాకిష్టం లేదండీ. నేను చదివింది ఎమ్మెస్సీ లెక్కలే. ఆ ఉద్యోగానికే ఇక్కడికొచ్చాను."

"మరి ఈ కోటేమిటయ్యా?"

"లెక్కల టీచర్ ఏరీ అని ఒక్క పేరెంటూ అడగలేదట సార్. బ్రోషర్‌లో వేసిన మైండ్‌సెట్ క్లాసు ఏదీ అని మాత్రం మేడమ్ వెళ్లిన వారమంతా ఫోన్లేనట."

ఆ ఫోన్లలో మూడు నావే.