పల్లంరాజు గారి తొలి లబ్ధిదారు

అరవై దాటినవారెవరూ ఇకమీదట ఊరికే బతకరాదని మంత్రిగారు రాజమహేంద్రవరంలో ప్రకటించారు. రిటైరైన ప్రతి జీవికీ ఒక జీవిత పరమార్థం మంజూరవుతుందనీ, అందుకు ‘సార్థక జీవన కేంద్రం’ వెలిసిందనీ సెలవిచ్చారు. చప్పట్లు కొట్టినవారిలో చాలామంది ఊరికే బతుకుతున్నవారే.

కేంద్రానికి గౌరవ సలహాదారుగా పల్లంరాజు గారిని వేశారు. ఆయన సూపరింటెండెంటుగా రిటైరై రెండేళ్లయింది. అప్పట్నుంచీ ధవళేశ్వరంలోని సొంతింట్లోనే, కుర్చీ వీపుమీద తెల్ల టర్కీ తువ్వాలు వేసుకుని, ఆఫీసులో కూర్చున్నట్టే కూర్చుంటున్నారు. పప్పులో ఉప్పు తగ్గితే భార్య సూర్యకళ గారికి చీటీ రాసి పంపేవారు. "ఎవరికైనా పనికొచ్చే పని చూసుకోండి. లేకపోతే ఆ తువ్వాలుతో వంటిల్లు తుడిచేస్తానండీ" అని ఆవిడ తేల్చిచెప్పిన రోజునే ఆర్డరు వచ్చింది. ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి.

కొత్త ఆఫీసులో కుర్చీ ఉంది, కాలింగ్ బెల్ ఉంది. తువ్వాలు ఆయనే పట్టుకెళ్లారు. వచ్చేవారే లేరు. ఇరవై రోజులకి పైనుంచి ఫోనొచ్చింది. ఇంకో పది రోజుల్లో మంత్రిగారు వస్తున్నారు, వేదికమీద ఒక్క లబ్ధిదారైనా లేకపోతే కేంద్రం మూసేస్తారు. పల్లంరాజు గారు వెనక్కి చెయ్యిపెట్టి తువ్వాలు తడుముకున్నారు.

మర్నాడే సాల్మన్ సంగతి తెలిసింది. కాలవ షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా రిటైరై ఏడేళ్లయింది. తన జాగాలోకి ఇంకెవరూ రాకపోవడంతో ఇప్పటికీ రోజూ పొద్దున్నే వెళ్లి, ఇనప హ్యాండిలు తిప్పి, శివారు చేలకి నీళ్లు వదులుతున్నాడు. పల్లంరాజు గారు ఆటో కట్టించుకుని కాలవగట్టుకి వెళ్లారు.

"ఏమయ్యా సాల్మన్, హాయిగా ఉన్నావా?"

"బాగున్నానండి. నీళ్లు బోదెలోకి దూకుతుంటే కడుపు నిండిపోద్దండి."

"అదేనయ్యా ఇబ్బంది." ఆయన ఫారం తీశారు. "నాలుగో కాలమ్ చూడు. దరఖాస్తుదారుకి జీవితంలో ఏ పరమార్థమూ ఉండకూడదు. నీకు ఉందాయె."

"మరేం చేద్దామండి?"

"ముందు ఉన్నది తీసేసి, తర్వాత రూల్ ప్రకారం ఇద్దాం. ఆ హ్యాండిలు ఇలా ఇవ్వు."

పెద్దవారు అడిగారు కదా అని సాల్మన్ ఇచ్చేశాడు. పల్లంరాజు గారు రసీదు కూడా రాశారు. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు.

వారం తిరిగేసరికి శివారు చేలు నెర్రెలిచ్చాయి. సాల్మన్ అరుగుమీద గోడకి చేరగిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చుండిపోయాడు. పల్లంరాజు గారు స్వయంగా వచ్చి పరిశీలించి, ‘నిష్ప్రయోజన జీవనం ధ్రువీకరించడమైనది’ అని సంతకం చేశారు. సర్వీసు మొత్తం మీద తన సంతకం ఇంత గట్టిగా పనిచేయడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ రోజు పప్పులో ఉప్పు లేకపోయినా చీటీ రాయలేదు.

సభలో మంత్రిగారు సాల్మన్ భుజంమీద చెయ్యి వేసి, "ఏం చేయాలనుందయ్యా నీకు?" అని మైకులో అడిగారు.

"షట్టరు ఎత్తుకుంటానండి."

"మంజూరు!" అంటూ మంత్రిగారు ఆరడుగుల హ్యాండిలు బహూకరించారు. బంగారు రంగు వేసిన థర్మోకోల్. కెమెరాలు తనివితీరా తీశాయి. కేంద్రాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. నెలకొక లబ్ధిదారు తప్పనిసరి అన్నారు.

మర్నాడు సాల్మన్ ఆఫీసుకొచ్చాడు. చేతిలో సంచి, సంచిలో థర్మోకోల్ ముక్కలు.

"దీంతో తిరగట్లేదండి. మా పాత హ్యాండిలు ఇప్పించండి సార్, చేలు పోతున్నాయండి."

పాత హ్యాండిలు టేబులుమీదే ఉంది, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా. పల్లంరాజు గారు దానికేసి చూశారు. తర్వాత గోడమీద క్యాలెండరు కేసి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే నీకు మళ్లీ ఏ పరమార్థమూ లేదన్నమాట!"

"లేదండి."

"నిలబడ్డావేంటయ్యా, కూర్చో" అని ఎంతో ఆప్యాయంగా కుర్చీ చూపించి, పల్లంరాజు గారు ఆ హ్యాండిలు కిందనుంచి ఇంకో ఫారం తీశారు.