మెడ వెనక మినహాయింపు

పిల్లలందరూ సమానమే అన్న మహాసత్యాన్ని మానవజాతి చాలాకాలం నోటిమాటగానే చెప్పుకుంటూ వచ్చింది. దాన్ని గుడ్డతో కుట్టి చూపించిన ఘనత మాత్రం బడికే దక్కింది. ఒకే రంగు, ఒకే కొలత (కొలతకు తగ్గట్టు పెరగకపోతే ఆ తప్పు పిల్లలది), మెడ వెనక ఒకే లేబుల్. బడి గుర్తున్న ఆ లేబుల్ లేని చొక్కా చూడ్డానికి ఎంత ఒకేలా ఉన్నా, నిబంధనల ప్రకారం ఒకేలా లేనట్టే.

ఈ సమానత్వం మూడో తరగతి చదివే పిచ్చుకకు గుచ్చుకుంది. పిచ్చుక అన్నది వాళ్లమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. అమ్మ దర్జీ. పుట్టినప్పటినుంచీ ఆ పిల్లకు అన్నీ మిగతావాళ్లకంటే ఎక్కువగా తగులుతాయని ఆవిడకు తెలుసు. ఫ్యాను కిర్రుమంటే వింటున్న మాట తెగిపోతుంది. సుద్దముక్క కీచుమంటే పళ్లు బిగుసుకుపోతాయి. వాటిని ఎలాగో ఓర్చుకుంటుంది గానీ, ఆ గరుకు లేబుల్ దగ్గర మాత్రం ఓడిపోతుంది. డిక్టేషన్ మొదలైన కాసేపటికే చెయ్యి పెన్సిలు వదిలేసి మెడ మీదికి పోతుంది. క్లాసు టీచరమ్మ దీనికి అశ్రద్ధ అని పేరు పెట్టి, ఏడాది చివరి డిక్టేషన్‌లో తప్పితే పిల్లను ఇదే తరగతిలో ఉంచేస్తామని కబురు పంపింది.

"టీచరు చెప్పేది వినపడట్లేదా నీకు?" అని అడిగింది అమ్మ.

"వినపడుతుందమ్మా. కానీ మెడ మీద అది మాట్లాడుతూనే ఉంటుంది. టీచరు మాట దాని వెనకాల వినపడుతుంది."

అమ్మ చొక్కా ఒళ్లో వేసుకుంది. చిన్న కత్తెర తీసుకుని ఒక్కో కుట్టూ విప్పి లేబుల్ తీసేసింది. మర్నాడు ఏడాది చివరి డిక్టేషన్‌లో పిచ్చుక ఒక్క మాట కూడా తప్పు రాయలేదు.

ఉన్నట్టుండి చదువు రావడం అనుమానించదగ్గ విషయమే కదా. విచారిస్తే చొక్కా మెడ వెనక ఏమీ లేదని బయటపడింది. బడిలో ఏకరూపతాధికారి అని ఒకాయన ఉన్నాడు (ఇదివరకు ఇద్దరుండేవారట, ఒకేలా లేరని ఒకాయన్ను తీసేశారు). ఆయన ఆ మార్కులను రద్దు చేశాడు. లేబుల్ మోస్తూ సున్నాలు తెచ్చుకుంటున్న పిల్లలకు ఇలాంటి మార్కులు అన్యాయం చేస్తాయని ఆయన వాదన. అమ్మ పని మానుకుని బడికి పరుగెత్తింది.

"లేబుల్ గుచ్చుకుంటుందండీ దానికి. తీసేస్తే రాసింది, మీరే చూశారుగా."

అధికారి సొరుగులోంచి కొత్త లేబుల్ తీసి అరచేతికి రుద్దుకున్నాడు. "నాకేం గుచ్చుకోలేదమ్మా."

"మీ అరచెయ్యి కాదు సార్, దాని మెడ."

"నిబంధనల్లో స్పర్శ అంటే అరచెయ్యే. అయినా పాప మా దగ్గర ఎప్పుడూ నోరు విప్పలేదు. మధ్యలో మీకేంటి? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

సమయానికి దురద సామెతే తట్టినందుకు ఆయనకు తన మీద తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే ఒక స్పర్శోపసంఘాన్ని వేశాడు. సంఘం సభ్యులు పిచ్చుకను లేబులున్న చొక్కాతో కుర్చీలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి చూశారు. పిల్ల భయంతో బిగుసుకుపోయి కదల్లేదు. కదల్లేదు కాబట్టి బాధ లేదని తేల్చారు. గది దాటి వసారాలోకి రాగానే అది మెడ ఎర్రగా కందేలా గోక్కుంది. వసారా పరిశీలన కిందికి వస్తుందా రాదా అని వాళ్లు వారాల తరబడి తర్జనభర్జన పడి, చివరికి పెద్దమనసు చేసుకుని వస్తుందన్నారు. పిచ్చుకకు లేబుల్ నుంచి మినహాయింపు దొరికింది. డిక్టేషన్ మళ్లీ పెడతామన్నారు. ఆ మాట విని అమ్మకు సంతోషంతో ఏడుపొచ్చింది.

"ఒక చిన్న ఏర్పాటు ఉందమ్మా," అన్నాడు అధికారి. "మినహాయింపు ఉన్న పిల్లలెవరో, ఊరికే లేబుల్ ఎగ్గొట్టే పిల్లలెవరో మాకు తేడా తెలియాలి కదా. దీన్ని కుట్టాలి."

ఆయన చేతిలో పెట్టింది ఒక పట్టీ. ఉతుకులకు చెరగకుండా మందంగా ప్లాస్టిక్ పూత పూశారు. చెప్పాల్సింది ఎక్కువ కాబట్టి లేబుల్‌కు రెట్టింపు వెడల్పు చేశారు. దాని మీద "ఈ విద్యార్థినికి మెడ వెనక లేబుల్ పడదు" అని అచ్చేసి ఉంది.

"ఎక్కడ కుట్టాలండీ?" జవాబు తెలిసే అడిగింది అమ్మ.

"మెడ వెనకే. తనిఖీ చేసేవాళ్లు చూసేది అక్కడే కదా. మీరు దర్జీ కాబట్టి మీ చేత్తోనే కుట్టుకోవచ్చు. అందరికీ ఈ వెసులుబాటు ఇవ్వం."

"జేబు మీద కుడతానండీ. సంచికి కుడతాను. మెడ దగ్గర మాత్రం వద్దండీ."

"సంచీలు ఏకరూపత కిందికి రావమ్మా. జేబుకు వేరే అధికారి."

పట్టీ లేకపోతే ఈసారి మార్కులూ చెల్లవు. అమ్మ ఇంటికొచ్చి, పాత పక్కదుప్పటిలోంచి మెత్తటి ముక్క కత్తిరించి అడుగున వేసి, పట్టీ కుట్టింది. తన మెడకు ఆనించి చూసుకుని, విప్పి మళ్లీ కుట్టింది. కొరివితో తల గోక్కున్నానని కుడుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంది. పరీక్ష రోజు గేటు దగ్గర అధికారి ఆ మెత్తటి ముక్కను అదనపు వస్త్రంగా గుర్తించి, జాగ్రత్తగా కత్తిరించి తీసేశాడు. కుట్టుపని మాత్రం బాగుందని మెచ్చుకున్నాడు.

టీచరమ్మ మాటలు చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి పిచ్చుక చెయ్యి పెన్సిలు వదిలేసింది.

ఫలితం ఆ వారమే వచ్చింది. బడి ప్రత్యేక శ్రద్ధ తీసుకుని మినహాయింపు ఇచ్చినా విద్యార్థినిలో మార్పు కనిపించలేదు కాబట్టి, ఆమె అదే తరగతిలో కొనసాగుతుంది.

సాయంత్రం అమ్మ కత్తెర పట్టుకుని పట్టీ విప్పడానికి కూర్చుంది. రేపే మళ్లీ బడికెళ్లి వాళ్లను గట్టిగా అడుగుతానంది. పిచ్చుక తల వంచి మెడ అందించింది.

"అడక్కమ్మా," అంది. "మళ్లీ సాయం చేస్తారు."