పిడి దాచుకున్న తలుపుపై దండయాత్ర

సహృదయులారా, చెవులొగ్గి వినుడు! అఖండ కాలచక్రము గిర్రున తిరుగగా తిరుగగా ఒకానొక బుధవారమున, ఉదయము ఎనిమిది గంటలు కొట్టుటకు ఇంకను పదునేడు నిమిషములుండగా, టైల్స్ వర్తకుని రెండంతస్తుల మేడ ముంగిట, గొట్టపు నీట తడిసి నిగనిగలాడు సిమెంటు రణస్థలమున, ఇరువదిరెండేండ్ల స్టీరింగు తపస్సుచే కాయలు గాచిన కరద్వయము గలవాడును, రివర్సు విద్యాపారంగతుడును, హారను ప్రయోగమున మితభాషియును అగు డ్రైవరుకును, క్రితము సాయంత్రమే షోరూము నుండి వేంచేసిన కొత్త ఎస్‌యూవీకిని సంభవించిన మహాసంగ్రామమును వర్ణించెదను. ఇరుపక్షాల్లోనూ ఎవరూ చావలేదు.

మొదట, నిన్న అమ్ముడుపోయిన పాత వాహనరాజమును స్మరింతము. నిటారు లలాటము, గుండ్రని దీపనేత్రములు, అగ్గిపెట్టెకు అన్నగారి వంటి చతురస్ర దేహము, వీపున మోసిన స్పేరు టైరు, ఎక్కువారి పాదమునకు పలక, తలుపునకు పిడికిలి నిండ ఇనుప పిడి! ఏది దీపమో ఏది తలుపో ఒకరు చెప్పనక్కరలేదు.

కొత్తదో! కన్నులు అనుమానపు అత్తగారివలె సన్నబడినవి. నోరు మాత్రము ముఖమంతయు వ్యాపించినది. కప్పు వెనుకకు జారినది, పక్కలు కండలు తిరిగినవి, మీటలన్నియు ఒక గాజుపలకలో లయించినవి, తలుపుల పిడులు సైతము ఒంటిలో కలిసి అదృశ్యమైనవి. గొప్పింట్లో చీపురు చుట్టాల కంట పడకూడదన్నట్టు, అందం పేరు చెప్పి పనికొచ్చేవన్నీ దాచేశారు.

తాళంచెవి దగ్గరుంటేనే ఆ పిడులు బయటికొస్తాయి. షోరూము ఉద్యోగి ఈ రహస్యోపదేశము చేయు వేళ మన వీరుడు పాత బండిలోంచి తన తుడుపుగుడ్డ, టార్చిలైటు ఏరుకుంటూ దూరంగా ఉన్నాడు. అతనికెవరూ మళ్లీ చెప్పలేదు.

యుద్ధకారణం చిన్నది కాదు. నిన్న రాత్రి భోజనాలకు ముందే యజమాని అన్నాడు:

"రేపు ఎనిమిదిన్నరకి అమ్మని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ బండి నీవల్ల కాదంటే చెప్పెయ్, మొహమాటమేం లేదు. షోరూము వాళ్లు ఎవరో కుర్ర డ్రైవర్ని చూపిస్తామన్నారు."

'కుర్ర' అన్న ఒక్క మాట గుండెల్లో రాయిలా పడింది. ఇంటికెళ్లి చెబితే భార్య చెంబు కింద పెట్టి, "ఈ వయసులో మిమ్మల్ని కొత్తగా ఎవరు పెట్టుకుంటారండీ? కాళ్లా వేళ్లా పడైనా ఆ బండి నేర్చుకోండి," అంది. అతనికి తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

ఇక సమరమునకు వత్తము. గుడ్డ వాహనదేహమును తాకక ముందే గడియారము, ఉంగరము, తాళము విసర్జించి గుమ్మము పక్క మేకుకు తగిలించుట డ్రైవరుకు బండి నేర్పిన కులగురువు బోధించిన ధర్మము. గీత పడ్డ బండికీ మాట పడ్డ మనిషికీ ఎంత రంగేసినా దాగదని ఆ గురువు చెప్పేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క పూటైనా తప్పని ఆ ధర్మాన్ని ఇవాళ కూడా నిష్ఠగా పాటించి, తాళాన్ని మేకుకు తగిలించి, వాహనాన్ని అద్దంలా తుడిచి, లోపల తుడవడానికి తలుపు దగ్గరికెళ్లాడు.

పిడి లేదు.

నొక్కెను. నిమిరెను. గోటితో గీకబోయి, గురువాక్యము స్మరించి మానెను. అరచేత తట్టెను, మోకాలితో మెల్లగా మొత్తెను. ప్రతిబింబము తప్ప ప్రత్యర్థి ఏమియు ఈయదయ్యెను. అంతలో ఉదయపు నడక ముగించి యజమాని గేటు తీసుకుని రాగా, అతని జేబులో రెండవ తాళముండుటచే, నాలుగు పిడులును ఒక్కుమ్మడి నాలుకలు చాచినట్లు వెలికివచ్చెను! వీరుడు లంఘించులోపల యజమాని ఇంట్లోకి పోయాడు, పిడులూ లోపలికి పోయాయి.

డ్రైవరుకు ఒళ్లు మండింది. నడుముపై చేతులుంచి ఆ లోహకుంభస్థలముతో ఇట్లనియె:

"ఏమే! సారొస్తే సలాం కొడతావు, నేనొస్తే మొహం చాటేస్తావా? పొద్దున్నించీ నీ ఒళ్లు తుడిచిందెవరు? నీకంటే ముందు ఈ గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నేను! నీ ముందుది ముసలిదే కానీ మర్యాద తెలిసింది, చెయ్యి చాస్తే చెయ్యిచ్చేది. తల్లీ, నీకు దణ్ణం పెడతాను. నా కూడు తియ్యకు!"

బండి మాత్రం కదల్లేదు, మెదల్లేదు.

ఎనిమిదీ ఇరవై నాలుగు. చేతికర్ర ఊతముగా, మొండి మోకాళ్లతో, యజమాని తల్లి అగు పెద్దమ్మగారు గుమ్మము దిగెను. బండిని సమీపించిన క్షణమున, డ్రైవరు ముక్కుకు జానెడు దూరమున, వెనుక ఎడమ తలుపు పిడి చల్లగా బయటికి వచ్చెను.

"తాళం మేకుకే వదిలేశావేం నాయనా?" అంటూ ఆవిడ గుప్పిట తెరిచింది. "ఇది దగ్గర లేకపోతే తెరుచుకోదట. మావాడు నాకు నిన్ననే చెప్పాడు. నీకు చెప్పలేదూ?"

"లేదమ్మగారూ."

ఆవిడ తాళం అతని చేతిలో పెట్టి, కొడుకు గది కిటికీ వైపు ఒక చూపు చూసింది. సరిగ్గా అప్పుడే అక్కడి నుంచి కేక వచ్చింది: "ఏమయ్యా, తలుపు తీయడం వచ్చిందా లేదా?"

డ్రైవరు నోరు తెరవబోయాడు. పెద్దమ్మగారు కర్రతో అతని కాలిని చిన్నగా పొడిచింది.

"అతనికెప్పుడో వచ్చురా! నేనే ఆలస్యం. ఆ కుర్రాడెవర్నో రావొద్దని చెప్పు. నా మోకాళ్ల సంగతి కొత్తవాళ్లకేం తెలుసు?"

అంతట వీరుడు తలుపు తెరచి, జారుడు కప్పు అంచున తన అరచేయి అడ్డుపెట్టెను. ఎక్కుతుంటే ఆవిడ తల ఆ అరచేతికి తగిలింది.

"దెబ్బ తగిలిందా అమ్మగారూ?"

"నీ చెయ్యే తగిలింది. పద."

దిక్పాలకులారా, సాక్ష్యము పలుకుడు! కుశాగ్రబుద్ధులగు శిల్పులెందరో ఎన్నో ఏండ్లు శ్రమించి అదృశ్యము గావించిన నాలుగు పిడులలో ఒకటి, బుధవారము ఎనిమిదీ ఇరవై ఆరుకు, ఏబదియారేండ్ల మానవుని చేతికి చిక్కినది! జయము, జయము! మిగిలిన మూడు తలుపుల్లో డ్రైవరుది కూడా ఉంది. అటువైపు తిరిగి వెళుతూ అతను భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.