బుంగమూతికి తగిన కెమెరా

ధ్రువపత్రాల కార్యాలయం హాలులోని గాజుతొట్టిలో నివసిస్తున్న చేప, తాను బతికి ఉన్నట్టు ఈ నెలాఖరులోగా ఫోటోతో సహా రుజువు చేసుకోని పక్షంలో చనిపోయినట్టు పరిగణించబడుతుందని పై కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మనందరికీ వచ్చే ఉత్తర్వే. చేపకు కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఉత్తర్వులో రెండో పేరా కూడా ఉంది. చనిపోయినట్టు పరిగణించబడిన చేప తాలూకు తొట్టిలోని నీళ్ళు పారబోసి, తొట్టిని స్టోరుకు అప్పగించవలెనట. చేపను ఏం చేయవలెనో రాయలేదు. చచ్చినదాని గురించి మళ్ళీ రాయడం కాగితం దండగ అనుకుని ఉంటారు.

ఆ రెండో పేరా వినగానే చేపలక్క గుండెలో రాయి పడింది. చేపలక్క అంటే ఆ ఆఫీసు అటెండరు. ఆవిడ అసలు పేరు సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉంది, ఎవరూ దాన్ని కదిలించలేదు. ఆరేళ్ళుగా ఉదయం తాళం తీయగానే ఆవిడ ముందు తొట్టి దగ్గరికి వెళ్ళి, "రా తల్లీ" అని చిటికెడు మేత వేసి, తర్వాతే చీపురు పట్టేది. నారింజరంగు చేప. ఎప్పుడు చూసినా ఎవరి మీదో అలిగినట్టు మూతి ముందుకు పెట్టి తిరుగుతుంది కాబట్టి బుంగమూతి అని పిలిచేది. ఆ ఆఫీసులో పిలిస్తే వచ్చే ప్రాణి అదొక్కటే.

ఆవిడ పరుగున సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"అయ్యగారూ, చేప బతికే ఉందండి. ఇటొచ్చి చూడండి, ఈదుతోంది."

సూపరింటెండెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చూస్తే చాలదమ్మా. నేను చూసినా చాలదు. ఫైలు చూడాలి."

"అయితే మా అమ్మాయి కొనిచ్చిన ఫోనుందండి. నిమిషంలో ఫోటో తీసేస్తాను."

"ఫోను నీ సొంతం. చేప ఆఫీసుది. సొంత వస్తువుతో ఆఫీసు ప్రాణిని ఫోటో తీస్తే, రేపు ఆ ప్రాణం ఎవరిదని అడిగితే ఏం చెప్తావు?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే రాసి పంపండి, రెండు ప్రతులు.

ఆ మధ్యాహ్నమే 'చేపల ఛాయాచిత్రణకు అనువగు డిజిటల్ కెమెరా ఎంపిక కమిటీ' ఏర్పడింది. అధ్యక్షుడు సూపరింటెండెంటు. సభ్యుడు స్టోరుకీపరు, ఎందుకంటే చివరికి ఏ వస్తువైనా తుప్పు పట్టడానికి ఆయన దగ్గరికే వెళ్ళాలి. నిపుణుడు సూపరింటెండెంటు బావమరిది. ఆయనకు వీధి మలుపులో ఫోటో స్టూడియో ఉంది. ఇరవయ్యేళ్ళుగా "కదలొద్దు, గడ్డం కిందికి" అనే రెండు మాటలతో జీవితం నెట్టుకొచ్చిన ఘనుడు. చేప ఈ రెండు మాటల్లో ఒక్కటీ వినదని, దానికి గడ్డమే లేదని ఎవరూ ఆయనతో అనలేదు. బావమరిదిని నొప్పించడం ఏ ఆఫీసుకూ క్షేమం కాదు.

మొదటి సమావేశంలో కెమెరా సంచీ కొనడానికి ఏకగ్రీవంగా తీర్మానించారు. నల్లది, భుజానికి తగిలించుకునేది, బోలెడన్ని అరలున్నది. రెండో సమావేశంలో ఆ సంచీలో పట్టే కెమెరాయే కొనాలని తీర్మానించారు. టీ అందిస్తున్న చేపలక్క "ఆలు లేదు చూలు లేదు" అని గొణిగింది. మినిట్సులో ఆ మాట ఎక్కలేదు.

మూడో సమావేశంలో నిబంధనల పుస్తకం తెరిచారు. బతికి ఉన్నట్టు రుజువుకు పెట్టే ఫోటో ఎదురుగా తీసినదై, రెండు కళ్ళూ రెండు చెవులూ స్పష్టంగా కనబడవలెను. చేపను ఎదురుగా చూస్తే ఓ నిలువు గీత, ఆ గీతకు ఇటో కన్ను అటో కన్ను. చెవుల సంగతి సభ్యులెవరికీ తెలియదు. చేపకు చెవులు కలవా, లేనిచో ఏమి చూపవలెను అని పై కార్యాలయానికి లేఖ వెళ్ళింది. 'తగు రీతిని అన్వయించుకొనవలెను' అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఎంత బాగుందంటే సూపరింటెండెంటు దాన్ని ఫ్రేము కట్టించి, అన్ని ప్రశ్నలకూ వాడుకోవడం మొదలుపెట్టాడు.

ఈలోగా నెలలో సగం గడిచింది. మీనమేషాలు లెక్కపెట్టడం అంటారే, ఆ కమిటీ దాన్ని అక్షరాలా పాటించింది. మేషాలు దొరకలేదు గానీ మీనం చేతికందేంత దూరంలో ఉంది. దాన్ని రోజుకు రెండుసార్లు లెక్కపెట్టి, ఒకటి అని రాసి, సంతకాలు చేసేవారు.

తొట్టి ఎక్కడుందో చెప్పాలి. హాలుకు సరిగ్గా నడుమ, కౌంటరుకూ బెంచీలకూ మధ్య. కౌంటరు వెనక కూర్చున్నవారు తలెత్తితే చేపా, చేప వెనక నీళ్ళలో ఊగుతున్నట్టుగా బెంచీల మీది జనమూ కనిపిస్తారు. ఆ ఆఫీసు జనాన్ని చూసేది ఆ నీళ్ళలోంచే. బెంచీల మీద ప్రతిరోజూ ఓ నలభై మంది. పుట్టామని ఒకరు, పెళ్ళాడామని ఒకరు, ఉన్నామని మరొకరు కాగితం కోసం వచ్చినవారు. ముందు వరసలో గొడుగు పట్టుకుని ఓ రిటైరైన పంతులుగారు కూర్చునేవాడు. ఆయనది కూడా అచ్చంగా చేప కేసే. తాను బతికి ఉన్నట్టు కాగితం ఇస్తే పింఛను వస్తుంది, ఇవ్వకపోతే ఈ నెల నుంచి ఆగుతుంది. స్టోరుకీపరుకు చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది ఆయనే.

"నన్ను గుర్తుపట్టావు కదరా?" అన్నాడు పంతులుగారు కౌంటరు మీదికి వంగి.

"ఎంత మాట మాస్టారూ! మీ బెత్తం దెబ్బ ఇప్పటికీ గుర్తే," అన్నాడు స్టోరుకీపరు లేచి నిలబడి. "కానీ అది వ్యక్తిగతంగా గుర్తు. ఆఫీసుపరంగా గుర్తులేదు. చేప పని కానివ్వండి, అదీ ఇదీ ఒకే రకం పని. వరసలో చేప ముందుంది."

పంతులుగారు వెళ్ళి కూర్చున్నాడు. చేపలక్క ఆయనకు ఓ గ్లాసుడు మంచినీళ్ళిచ్చింది. ఆయన చేప వంక, చేప ఆయన వంక కాసేపు చూసుకున్నారు.

తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. కెమెరాల దుకాణం నుంచి రోజుకొకటి తెప్పించి చూశారు. బావమరిది తన ఫ్లాషు కెమెరాతో ప్రారంభించాడు. ఫోటోలో గాజు మీద ఓ తెల్లని సూర్యుడు, సూర్యుడి కింద కమిటీ ముగ్గురి ప్రతిబింబాలు మహా స్పష్టంగా వచ్చాయి. చేప బెదిరి రాళ్ళ వెనక్కి పోయి సాయంత్రం దాకా రాలేదు. ముగ్గురూ తమ తమ ఫోటోలకు కాపీలు తీయించుకున్నారు.

స్టోరుకీపరు పెద్ద జూమున్న కెమెరా కావాలన్నాడు. కారణం సాంకేతికమైనది. జూము ఉంటే కుర్చీలోంచి లేవనక్కర్లేదు. మూర పొడుగు లెన్సు తగిలించి ఆయన తన గదిలోంచే తీసిన ఫోటోలో ఓ నారింజరంగు పొలుసు వచ్చింది. 'ఇది చేప అనుటకు గాని, నారింజపండు కాదనుటకు గాని ఆధారము లేదు' అని అధ్యక్షుడు రాశాడు.

చేప నీళ్ళలో ఉంది గనక కెమెరా కూడా నీళ్ళలో ఉండాలని బావమరిదికి తట్టింది. నీళ్ళలో తడవని కెమెరాను తాడు కట్టి తొట్టిలోకి దింపారు. అది అద్భుతమైన ఫోటో తీసింది. గాజుకు ముక్కు ఆనించి లోపలికి తొంగిచూస్తున్న సూపరింటెండెంటు. ముక్కు వెడల్పు, కళ్ళు గుండ్రం, నోరు తెరిచి ఉంది. ఆ ఫోటోను పొరపాటున చేప ఫైల్లో పెట్టారు, వారం దాకా ఎవరూ తేడా గమనించలేదు.

ఆ తర్వాతది ఎదుటివారు నవ్వితే తనంతట తనే ఫోటో తీసే కెమెరా. చేప నవ్వలేదు. లోపం కెమెరాదేనేమో చూద్దామని దాన్ని మూడు రోజులు ఉద్యోగుల వైపు తిప్పి ఉంచారు. మూడు రోజులూ అది మౌనం పాటించింది. మూడో రోజు అయిదు కావడానికి పది నిమిషాలుందనగా, ఒక్కసారి టకటకా పదిహేడు ఫోటోలు తీసి ఛార్జింగు అయిపోయి ఆగిపోయింది.

బెంచీల మీది వాళ్ళు ఊరికే ఉంటారా? మొదటిరోజు చోద్యం చూశారు. మూడోరోజు సలహాలిచ్చారు. వారం తిరిగేసరికి జూము వర్గం, లెన్సు వర్గం అని రెండుగా చీలి, ఎడమ బెంచీలు వాళ్ళవి, కుడి బెంచీలు వీళ్ళవి అయ్యాయి. మెగాపిక్సెళ్ళ గురించి మాట్లాడుతూ చొక్కాలు పట్టుకున్నారు. పెళ్ళి ధ్రువపత్రానికి వచ్చిన కొత్త జంట చెరో వర్గంలో చేరి మాటలు మానేసింది. టోకెన్ నంబరు పిలిస్తే "ఉండవయ్యా, ఇక్కడ ముఖ్యమైన సంగతి నడుస్తోంది" అని కసిరారు. ఇంత చైతన్యవంతులైన ప్రజలను ఆ కౌంటరు ఎన్నడూ చూడలేదు. గుమాస్తాలకు చేతినిండా తీరిక దొరికింది.

చేపలక్కకు మాత్రం ఒకటే రంధి. క్యాలెండరులో గళ్ళు తరిగిపోతున్నాయి. మేత వేస్తూ, "నీకేం తెలుసే పిచ్చిదానా, నువ్వున్నావో లేవో తేల్చడానికి ఎంతమంది కష్టపడుతున్నారో" అనేది. ఇంటికి తీసుకుపోదామనుకుంది గానీ, ఆఫీసు చేపను సంచీలో పెట్టుకుపోతే దొంగతనం, ఉద్యోగం పోతుంది. ఆవిడకు ఏడుపొచ్చింది. గుడ్లనీరు కుక్కుకుని చీపురు పట్టింది.

నెలాఖరు రోజు కమిటీ తుది ఎంపిక చేసింది. గెలిచిన కెమెరా గుణం ఒక్కటే. ముందున్నదాన్ని స్పష్టంగా చూపి, వెనకున్నదాన్నంతా పొగమంచు చేసేస్తుంది. సూపరింటెండెంటు హాలులో నిలబడి ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా! ఇన్నాళ్ళూ మన ఫోటోలన్నీ చెడగొట్టింది చేప వెనక ఉన్న అనవసరపు దృశ్యం. ఈ కెమెరా ఆ దృశ్యాన్ని పూర్తిగా తొలగిస్తుంది. ఇది మనందరి విజయం!"

చేప వెనక కూర్చున్న అనవసరపు దృశ్యం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇక ఫోటో తీయడమే తరువాయి. బావమరిది "కదలొద్దు" అన్నాడు. చేప కదిలింది. "గడ్డం కిందికి" అన్నాడు. చేప తోక చూపింది. నాలుగయింది. స్టోరుకీపరు బకెట్టూ గొట్టమూ తెచ్చి తొట్టి పక్కన పెట్టాడు. గొట్టం ఒక కొస నీళ్ళలోకి వేశాడు.

అప్పుడు చేపలక్క గొట్టం పీకి అవతల పారేసింది. ఆరేళ్ళలో ఆవిడ ఎవరి మాటకూ ఎదురు చెప్పలేదు గనక, ఏం చేయాలో తెలియక అందరూ అలాగే నిలబడిపోయారు.

"ఇటివ్వండయ్యా ఆ కెమెరా!"

తడిగుడ్డతో గాజు తుడిచింది, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. ఆ గాజు మీద నెల రోజులుగా పేరుకున్నవి కమిటీ వేలిముద్రలే. కౌంటరు వైపు ట్యూబులైట్లు ఆర్పించింది, తొట్టి మీది దీపం ఉంచింది. లెన్సును గాజుకు ఆనించి, రెండో చేత్తో చిటికెడు మేత పైన పట్టుకుని "రా తల్లీ" అంది. బుంగమూతి తిన్నగా ఎదురుగా వచ్చి మూతి చాపింది. ఇటో కన్ను, అటో కన్ను. క్లిక్కుమంది.

చెవుల స్థానంలో మొప్పలను అన్వయించుకున్నారు. నాలుగుంబావుకి 'పై ప్రాణి జీవించియున్నది' అని ముద్ర పడింది. చేపలక్క బకెట్టు తిరగేసి దాని మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

పంతులుగారు గొడుగు ఊతంగా లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు. "చేప పని అయింది కదండీ. ఇక నాది?"

"మీ ఫోటో?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఇందులోనే ఉన్నానండి. చేప వెనక, ముందు బెంచీలో."

సూపరింటెండెంటు ఫోటోను దగ్గరగా, దూరంగా, దీపానికి ఎదురుగా పెట్టి చూశాడు. "ఇక్కడ ఎవరూ లేరండీ. పొగమంచు."

"అది పంతులుగారేనండి," అంది చేపలక్క లేచి వచ్చి. "ఆ నల్లగీత ఆయన గొడుగు."

"గొడుగు జీవించియున్నదని రాయమంటావా?"

"ఆ కెమెరాతోనే ఇప్పుడు ఆయనదొక్కటి తీస్తే పోలా అయ్యగారూ? ఇక్కడే ఉన్నారు కదా."

"ఇది చేపల కెమెరా అమ్మా. కొన్నదే అందుకు. మనుషులకు వేరే కమిటీ వేయాలి," అన్నాడు సూపరింటెండెంటు ఎంతో ఓర్పుగా. "వచ్చే నెల మొదటివారంలో చూద్దాం. సంచీ ఎలాగూ ఉంది."

ఎడమ బెంచీల్లోంచి ఎవరో "ఈసారైనా జూము ఉన్నదే తీసుకోవాలి!" అని అరిచారు. కుడి బెంచీలు లేచాయి. ఆ గోలలో పంతులుగారు తన చోటికి ఎప్పుడు వెళ్ళి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు. చేపలక్క ఒక్కతే చూసింది. మంచినీళ్ళ గ్లాసు తీసుకుని వెళ్ళింది.

ఆ ఫోటోను ఇప్పుడు పెద్దది చేయించి హాలు గోడకు తగిలించారు. తీరిక ఉంటే వెళ్ళి చూడండి. చేప వెనక పొగమంచులో గొడుగు కనబడుతుంది. గొడుగు వెనక, ఎడమ బెంచీలో మూడో మనిషి చెయ్యెత్తి అరుస్తున్నాడు చూశారూ, అది మీరే. మీరు అక్కడికి ఏ కాగితం కోసం వెళ్ళారో, మీకు గుర్తుందేమో కనుక్కు రమ్మని చేపలక్క నాతో చెప్పింది.