పద్దెనిమిది మీటర్ల చదును

జిలాని గండిలో పడి చనిపోయిన రోజున, సర్కారు మ్యాపు ప్రకారం, ఆ చోట నేల చదునుగా ఉంది. చదును నేల మీద ఎవరూ పడి చనిపోజాలరు.

కోయిలకుంట్ల అవతల, గడ్డి కూడా మొలవని ఎర్రరాళ్ల గుట్టల్లో మ్యాపు సరిగ్గానే ఉందని నిర్ధారించే సర్వే జరుగుతోంది. జిలాని కొలతకర్ర పట్టుకునే మనిషి. సర్వేయరు మ్యాపు చూసి, "ఇంకా ఎనక్కి పో అప్పా, అంతా చదునే" అన్నాడు. జిలాని సర్వే శాఖను నమ్మి వెనక్కి పోయాడు.

భర్త పోయిన ఆడది గడప దాటకూడని నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసిన మర్నాడే ఆయన భార్య రహమత్‌బీ ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో సర్వే ఆఫీసు దగ్గర దిగింది. (ఫిర్యాదుకు, పడిన ముప్పై రోజుల్లోగా రావాలని నియమం. పడినవారే స్వయంగా వస్తే మరీ మంచిది.)

ఎత్తుపల్లాల అధికారి భాస్కరయ్య మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, మ్యాపు పరిచాడు.

"ఆ గండి మైళ్ల పొడుగునా మెలికలు తిరిగింటాది సార్. సోమారం మా తమ్ముడు వాజిద్ అదే కర్ర పట్టుకోని పోతాండాడు. మ్యాపులో ఒక్క గీత గీయండి."

"చూడమ్మా, ఇరవై మీటర్ల ఎత్తుకొక గీత. మీ గండి లోతు పద్దెనిమిదే. రెండు గీతల నడుమ పడిపోయింది. ఇంకో రెండు మీటర్లు లోతుంటే మేమే గీసుంటిమి."

"మా ఆయనకు పద్దెనిమిదే సాలింది సార్."

భాస్కరయ్య సానుభూతిగా తల ఊపాడు. (సానుభూతికి ఫారం లేదు, అందుకే వెంటనే దొరుకుతుంది.) "ఒక్క గండికి గీస్తే పక్క గండ్లు ఊరుకుంటాయా?" అంటూ లోతు సవరణ దరఖాస్తు అందించాడు. గండి అడుగున నిలబడి, ముఖం స్పష్టంగా కనిపించేలా దిగిన ఫొటో జతచేయాలి. అడుగుదాకా వెళ్లిన ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి.

"ఆడిదాకా పోయింది మా ఆయనొక్కడే. ఆయన్ని యాడ్నుంచి తెచ్చేది?"

"అయితే దరఖాస్తు అసంపూర్ణం."

రహమత్‌బీ చెయ్యి చాపింది. "పెన్నియ్యి సార్, నేనే గీస్తా."

భాస్కరయ్య మ్యాపు చుట్టేశాడు. "గీస్తే గండి పుడుతుందమ్మా. ఇప్పుడైతే లేదు కదా!"

అయినా శాఖ చేతులు కట్టుకుని కూర్చోలేదు. మ్యాపులో లేని గండ్లలో సిబ్బంది పడరాదని ఆ సాయంత్రమే సర్క్యులర్ వెలువడింది. సోమవారం పొద్దున వాజిద్ దాని మీద సంతకం చేసి, కర్ర భుజాన వేసుకుని జీపెక్కాడు.

గీత ఇంకా గీయలేదు.