ఐన్ ఖాలిద్‌లో జెండా పండుగ

ఖతార్‌లోని ఐన్ ఖాలిద్‌లో ఆ శుక్రవారం ఉదయం మోయిరా మేడం వేసిన పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమె, భర్త డెక్లన్ సారు, ఇద్దరు పిల్లలు, వారం కిందట ఐర్లండ్ నుంచి దిగిన అత్తగారు కలిసి స్నేహితుల ఇంట్లో ప్రార్థనకు వెళ్తారు. మూడింటికి ఎనిమిదిమంది అతిథులను వెంటబెట్టుకొని వస్తారు. ఈలోగా డ్రైవర్ ఓబులయ్య, పిల్లలు నిన్నంతా కూర్చొని అతికించిన నలభై కాగితపు జెండాలను దారానికి గుచ్చి ఇంటి ఆవరణంతా కడతాడు. వంటమనిషి నాగలక్ష్మి, ఆకుపచ్చ రంగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన పిండిని మూడాకుల అచ్చుతో కోసి బిస్కెట్లు కాలుస్తుంది. అది పంతొమ్మిది వందల తొంభై అయిదు, మార్చి పదిహేడు, ఐర్లండ్‌వాళ్ళ జాతీయ పండుగ రోజు. అత్తగారికి ఖతార్ మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. వాళ్ళ ఊళ్ళో ఈ రోజున డప్పులతో ఊరేగింపు జరుగుతుంది, ఇక్కడ జరగదు.

ఓబులయ్యకు పండుగ కన్నా ఆ సాయంత్రం ముఖ్యం. కడప జిల్లాలోని సొంతూళ్ళో, ఆరేళ్ళు స్టీరింగ్ తిప్పిన డబ్బుతో మూడు గదుల ఇల్లు కట్టించాడు. మే నాలుగున గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. కారణం రాయక, మే నెల అని మాత్రం రాసిన సెలవు కాగితం వారం రోజులుగా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది. పార్టీ అయ్యాక సంతకం పెడతానని సారు అన్నాడు. కాబట్టి పార్టీ బాగా జరగాలి. ఓబులయ్య అంత గట్టిగా అనుకోకపోయి ఉంటే అది మామూలుగానే జరిగిపోయేది.

కారెక్కబోతూ మేడం అతనితో, "టుడే ఈజ్ అవర్ కంట్రీస్ డే, ఓబూ. మేక్ ఇట్ నైస్" అన్నది.

తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. ఇంగ్లీషువాళ్ళు రెండింటికీ కలిపి ఒక్క మాటతో సరిపెట్టుకున్నారు. మేడం చెప్పింది మా దేశం పండుగ అని. ఓబులయ్యకు వినిపించింది మన దేశం పండుగ అని. కారు వెళ్ళిపోయాక వరండాలో ఆరబెట్టిన జెండాలను చూశాడు. ఆకుపచ్చ, తెలుపు, కాషాయం. ఇక అనుమానం దేనికి.

"నాగలక్ష్మమ్మా, ఇట్ల రా. ఇది మన జెండా గాదూ?"

నాగలక్ష్మిది అమలాపురం దగ్గర పల్లె. పిండి చేతులతోనే బయటికి వచ్చి చూసింది. "మన జెండానే అన్నయ్యా. పడుకోబెట్టాల్సిన రంగుల్ని నిలబెట్టేశారేంటి మరి?"

"పిల్లకాయలు గదా, తెలీక అతికించినారు. చక్రం గూడా మరిచిపోయినారు."

"మార్చిలో జెండా పండగేంటి? ఆగస్టులో కదా."

దానికి జవాబూ నాగలక్ష్మే చెప్పింది. "ఆగస్టులో ఈళ్ళు ఎండకి తట్టుకోలేక ఊరెళ్ళిపోతారు కదా. అందుకని ముందే చేసేత్తున్నారేమో."

"అంతే అయ్యుంటాది. మనల్ని ఏలినోళ్ళు ఈ పొద్దు మన జెండా కడతాండారు, చూడు. ఎంత మంచి మనసు."

తెల్లగా ఉన్నవాళ్ళందరూ ఇంగ్లండువాళ్ళేనని ఓబులయ్య లెక్క. తమనూ ఏలిన ఇంగ్లండుతో కలిపేసిన ఈ మాట ఐర్లండ్ ముసలమ్మ చెవిన పడి ఉంటే సెలవు సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఉండేది కాదు.

పిల్లలు చేసిన పొరపాటు పెద్దవాళ్ళు దిద్దాలి. ఓబులయ్య జెండాలన్నీ కాషాయం పైకి వచ్చేలా పక్కకు తిప్పి దారానికి కట్టాడు. నాగలక్ష్మి గాజు ఒకటి అడిగి తీసుకుని, తెలుపు మీద పెట్టి, నీలం పెన్నుతో చక్రం గీశాడు. మొదటి మూడింటికి ఇరవై నాలుగు ఆకులూ లెక్కపెట్టి గీశాడు. నాలుగోదానికి పన్నెండు చాలనిపించింది. ఇరవయ్యో జెండాకు వచ్చేసరికి అది ఎద్దులబండి చక్రం అయింది.

అక్కడ వంటింట్లో నాగలక్ష్మికీ దేశభక్తి పొంగింది. జెండా పండుగకు ఉత్త ఆకుపచ్చ బిస్కెట్లేమిటని ఇంకో రెండు ముద్దలు కలిపి, ఒకటి తెల్లగా ఉంచి, ఒకదానికి మిఠాయి రంగు వేసింది. మూడాకుల అచ్చు ఆమె కంటికి అచ్చం మారేడు దళంలా కనబడింది. ఒక్కో ఆకుకు ఒక్కో రంగు పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ ఓవెన్‌లోకి తోసింది.

పదకొండింటికి రాజనర్సు వచ్చాడు. నిజామాబాద్ జిల్లా మనిషి, కంపెనీ క్యాంపులో మేస్త్రీ. నాగలక్ష్మి చేతి పులుసు కోసం ప్రతి శుక్రవారం వస్తాడు. జెండాలు చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"జెండా పండుగ చేస్తున్రు, నాకొక మాట చెప్పకపోతిరి. గిదేం పద్ధతన్నా?"

"నాకే పొద్దున తెలిసిందప్పా."

"జెండా కట్టినంక వరుసకు నిలబడేటోళ్ళు ఉండాలె గదా. క్యాంపుల మనోళ్ళు పదిమంది ఖాళీగనే ఉన్నరు. తోల్కొస్త."

"మేడం ఏమనుకుంటాదో."

"మన పండుగని ఆమెనే అన్నదంటివి. ఇగ అనుకునుడేంది?"

ఓబులయ్య సరేనన్నాడు. రెండున్నరకు క్యాంపు పికప్ వచ్చి ఆగింది. పదిమందీ తలలు తడిపి దువ్వుకుని, ఉన్నంతలో తెల్ల చొక్కాలు వేసుకుని దిగారు. వాళ్ళలో గజేందర్ ఊళ్ళో డప్పు కొట్టేవాడు. ఇక్కడ డప్పు దొరక్క ఖాళీ నూనె డబ్బా, రెండు పుల్లలు తెచ్చుకున్నాడు. బడిలో నేర్చుకున్న కవాతు ఎవరికీ పూర్తిగా గుర్తు లేదు. ఎవరికి గుర్తున్న ముక్క వాళ్ళు చేశారు. ఓబులయ్య యూనిఫాంలో, చీపురు కర్రకు కట్టిన జెండాతో ముందు నడిచాడు.

సరిగ్గా మూడింటికి గేటు బయట నాలుగు కార్లు ఆగాయి.

మేడం దిగి చూసింది. ఆమె దేశపు జెండాలు నలభై పక్కకు ఒరిగి ఉన్నాయి. ప్రతిదాని నడుమా ఒక బండి చక్రం ఉంది. ముక్కూ మొహం తెలియని పదకొండుమంది ఆమె పూలకుండీల మధ్య కాళ్ళు బాదుతున్నారు. డెక్లన్ సారు ముఖం చెవులదాకా ఎర్రబడింది.

"ఓబూ. వాట్ ఈజ్ దిస్?"

"అవర్ కంట్రీస్ డే, సార్."

"హూజ్ కంట్రీ?"

ఎవరి దేశమని సారు అడిగేదాకా ఓబులయ్యకు ఆ ప్రశ్న పుట్టలేదు. అది ఐర్లండ్ జెండా అనీ, రంగులు నిలువుగానే ఉండాలనీ, చక్రమేదీ లేదనీ మేడం మెల్లగా చెప్పింది. అతను చీపురు కర్రను కిందికి దించాడు. చూపు వంటింటి కిటికీలోంచి ఫ్రిజ్ మీదికి వెళ్ళింది. సంతకం లేని ఆ కాగితం అక్కడే ఉంది. ఆరేళ్ళ కష్టానికి తన చేతులతో తానే చక్రం గీసి సున్నా చుట్టుకున్నానని అతనికి ఏడుపొచ్చింది.

గజేందర్ మాత్రం గేటు వైపు వీపు పెట్టి ఉన్నాడు. ఇదేమీ చూడక డబ్బా వాయిస్తూనే ఉన్నాడు. ఆ చప్పుడుకు ముసలమ్మ కారు తలుపు తీసుకుని దిగింది. కర్ర పోటేసుకుంటూ నేరుగా వెళ్ళి రాజనర్సు వెనకాల వరుసలో నిలబడి నడక మొదలుపెట్టింది. ఇక్కడ దిగిన ఈ వారంలో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నాయనమ్మ వెనక పిల్లలు, పిల్లల వెనక అతిథులు, ఆఖరుకు సారూ మేడమూ నడిచారు. ఇంటి చుట్టూ మూడు చుట్లు తిరిగాక ముసలమ్మ ఆయాసపడుతూ కూర్చుని, మూడు రంగుల బిస్కెట్లు నాలుగు తిన్నది.

తల్లి సంతోషం చూసి సారు మెత్తబడ్డాడు. మీ దేశం పండుగ ఎప్పుడని ఓబులయ్యను అడిగాడు.

"ఫిఫ్టీన్ ఆగస్ట్, సార్," అన్నాడు ఓబులయ్య, ప్రాణం కుదుటపడి.

సారు లోపలికి వెళ్ళి సెలవు కాగితం తెచ్చాడు. మా పండుగను ఇంత బాగా చేసిన మనిషి తన పండుగనాడు తన ఊళ్ళో ఉండాలని అందరి ముందూ ప్రకటించాడు. మే కొట్టేసి, ఆగస్టు రాసి, కింద సంతకం గీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషులో ఏమన్నదీ అర్థం కాని రాజనర్సు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

"మే, సార్," అన్నాడు ఓబులయ్య. "సార్... మే..."

ఇంగ్లీషులో 'మే' అంటే నెల ఒక్కటే కాదు. బడిపిల్లలు గుమ్మం దగ్గర నిలబడి అనుమతి అడిగేదీ ఆ మాటతోనే. సారు అతని భుజం తట్టి, "యస్, ఓబూ. యూ మే" అన్నాడు.

మర్నాడు మేడంతో నెమ్మదిగా చెప్పుకోమని నాగలక్ష్మి సలహా ఇచ్చింది. ఓబులయ్య చేతులు కట్టుకుని వెళ్ళాడు. అతను నోరు తెరవకముందే మేడం శుభవార్త చెప్పింది. అత్తగారికి ఖతార్ నచ్చింది. మే నెలాఖరుదాకా ఉంటుంది. తనను తిప్పడానికి ఓబులయ్య తప్ప ఇంకెవరూ వద్దంటోంది, అతని సెలవు ఆగస్టుకు మారడం ఎంత అదృష్టమో. ఓబులయ్య "యస్ మేడం" అని బయటికి వచ్చి, కడిగిన కారునే మళ్ళీ కడిగాడు.

మే నాలుగున ఊళ్ళో పాలు పొంగాయి. పీటల మీద అతని తమ్ముడు ఆదెప్ప దంపతులు కూర్చున్నారు, కాపురమూ వాళ్ళే పెట్టారు. ఓబులయ్య ఆగస్టులో తన ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళి కాఫీ తాగి వచ్చాడు.