ఓవెన్‌లో కారు ముక్కు

కంగారమ్మకి ఆ పేరు పెట్టింది కన్నవారూ కాదు, కట్టుకున్నవాడూ కాదు. పక్కింటి సైరన్ వదిన. పాలు పొంగితే ఫైరింజనూ, పిల్ల తుమ్మితే పెద్దాసుపత్రీ గుర్తొచ్చే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఇక సైరన్ వదిన పేరుకి కారణం చెప్పక్కర్లేదు. ఆవిడ గుసగుసలాడితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది.

అంత భయస్తురాలికి దేవుడు ఏరికోరి ప్రయోగమూర్తిని మొగుడిగా ఇచ్చాడు. ఆయన బాగుచేసిన ఫ్యాను చప్పుడిస్తుంది, నిప్పురవ్వలిస్తుంది, అప్పుడప్పుడూ షాకు కూడా ఇస్తుంది. గాలి మాత్రం ఇవ్వదు.

ఈసారి ఆయన కన్ను అమ్మాయి కారు మీద పడింది.

అమ్మాయి రోజూ కొండదారిలో ఆఫీసుకి వెళ్లాలి. పాత కారు. ఎత్తు కనబడితే చాలు, ఉబ్బసం మనిషిలా రొప్పుతుంది. ఇంజనుకి గాలి తీసుకెళ్లే గొట్టం చిట్లిపోయింది. ఆ రకం కార్లు చెయ్యడమే మానేశారు కనుక గొట్టం ఏ దుకాణంలోనూ దొరకలేదు.

"దొరక్కపోతే మనమే చేద్దాం, కార్బన్ ఫైబర్‌తో!" అన్నాడు ప్రయోగమూర్తి.

"అదేం లోహమండీ?"

"లోహం కాదే, నల్లగుడ్డ. జిగురు పట్టించి ఆరబెడితే ఇనుముకి తాతవుతుంది."

"గుడ్డతో కారు గొట్టమా! రేపు నా చీరకొంగుతో బ్రేకులు చేస్తారా?"

"నీకర్థమయ్యేలా చెబుతా విను. ఇది కారుకి ముక్కులాంటిది."

"ముక్కుతో ఆటలేంటండీ, ఊపిరి పోదూ!"

ఊపిరి సంగతేమో గాని, ముందు ఇంట్లో సామాన్లు పోయాయి. కంగారమ్మ కేకులు చేసి అమ్ముతుంది. వెన్న రాసే ఆమె బ్రష్షుతో ఆయన జిగురు రాశాడు. తెల్లారేసరికి అది సుత్తి అయి కూర్చుంది. థర్మోకోలుని వంకీ తిరిగిన గొట్టంలా చెక్కి, దానిమీద నల్లగుడ్డ పొరలు పొరలుగా చుట్టి, దుప్పట్లు దాచే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇల్లు ఊడ్చే యంత్రంతో సంచిలో గాలంతా పీల్చేశాడు. గుడ్డ బిగిసింది. లోపలి థర్మోకోలు మీద అమ్మాయి గోళ్లరంగు చెరిపే మందు ఒంపితే కరిగి కారిపోయింది. నల్లగా నిగనిగలాడుతూ ముక్కు మిగిలింది.

"ఇక దీన్ని నీ పాత ఓవెన్‌లో కాసేపు..."

ఆయన మాట పూర్తి కాలేదు. కంగారమ్మ వెళ్లి ఓవెన్‌కి అడ్డంగా నిలబడింది. కొత్తది చెడితే అక్కరకొస్తుందని వెనక వసారాలో దాచుకున్న పాత ఓవెన్ అది.

"నా ప్రాణం పోయినా సరే, అందులో పెట్టనివ్వను. అది పేలితే? ఇల్లంటుకుంటే? మన మంటలు సైరన్ వదిన వాళ్లింటికి పాకితే? ఆవిడ అరుపుకి ఊరంతా చెవుడొస్తే?"

ప్రయోగమూర్తి నోరు మూసుకున్నాడు. ఆయన నోరు అంత సులువుగా మూతపడదని అప్పుడే అనుమానించాల్సింది!

మర్నాడు పొద్దున వంటింట్లో పిండి కలుపుతుంటే హాల్లోంచి తండ్రీకూతుళ్ల మాటలు వినబడ్డాయి.

"నాన్నా, ఇంజను వేడికి ఈ గొట్టం మెత్తబడిపోదు కదా?"

"ఏమోనే. వేడి తగిలితే తప్ప తెలీదు. అమ్మతో అనకు, హడిలి చస్తుంది."

"సరేలే. సోమవారం కొండెక్కితే అదే తెలుస్తుంది."

కంగారమ్మ గుండె గరిటెజారుగా అయిపోయింది. కళ్లముందు కొండదారి, నడిమలుపులో కరిగిన ముక్కు, ఆగిన కారు, వెనక లారీ... లారీ డ్రైవరు మీసాలతో సహా కనబడ్డాయి.

కాదు, కూడదంటే వినే జాతి కాదు వీళ్లు. వీళ్ల కళ్లెదుట కరిగిపోయిన గొట్టాన్ని పళ్లెంలో పెట్టి చూపించాలి. అప్పుడు గాని బుద్ధి రాదు.

తండ్రీకూతుళ్లు గొట్టాన్ని బిగించే క్లిప్పులు కొనడానికి బజారుకి వెళ్లగానే, ఆమె ముక్కుని పట్టుకెళ్లి పాత ఓవెన్‌లో పెట్టింది.

పెట్టిందే గాని చెయ్యి ఆడలేదు. ఒక్కసారిగా వేడి పెంచితే పేలుతుందేమో! గోరువెచ్చన చేసి, గాజులోంచి తొంగి చూసింది. కరగలేదు. దణ్ణం పెట్టుకుని కాస్త పెంచింది. చూసింది. మళ్లీ దణ్ణం, మళ్లీ కాస్త. ఇంతలో ఏదో ఘాటు వాసన వేసింది.

అంతే. గ్యాసు బండ వీధిలోకి దొర్లింది. దాని వెనక టీవీ, ఇంటి కాగితాల పెట్టె, కుట్టుమిషను, పెళ్లిఫొటో, ఎందుకో ఒక చెప్పు.

"అయ్యో వదినా! అన్నయ్య ఇంట్లోంచి గెంటేశాడా?" అంది సైరన్ వదిన. వీధంతా తలుపులు తెరుచుకున్నాయి.

"లేదు వదినా, ఇల్లు పేలబోతోంది!"

"అమ్మయ్య! మొగుడూపెళ్లాల గొడవనుకుని హడిలిపోయాను. ఉండు, మంచం పట్టుకొస్తా."

తండ్రీకూతుళ్లు తిరిగొచ్చేసరికి సంసారం సాంతం రోడ్డు మీదుంది. మంచం మీద సైరన్ వదిన కూర్చుని వచ్చేపోయేవాళ్లకి కథ చెబుతోంది. వసారాలో కంగారమ్మ నెత్తిన హెల్మెట్టు, మూతికి తడి తువాలు, పక్కన ఇసుక బక్కెట్టు. ఓవెన్ అప్పటికే ఆపేసింది. కాని తలుపు తీస్తే ఎక్కడ భగ్గుమంటుందోనని తియ్యకుండా కాపలా కాస్తోంది.

"చల్లారిందా?" ప్రయోగమూర్తి గొంతులో కోపం లేదు, భక్తి ఉంది.

"ఎప్పుడో. అయినా తియ్యకండి!"

ఆయన తీశాడు. ముక్కు బయటికొచ్చింది. వంగలేదు, కరగలేదు. గరిటెతో కొడితే కంగుమంది.

"ఇనుమే! ఇనుమే!" తండ్రీకూతుళ్లు చేతులు పట్టుకుని గెంతారు.

"కరగలేదేంటి?" అంది కంగారమ్మ, హెల్మెట్టులోంచి నీరసంగా.

అమ్మాయి వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. "అమ్మా, తిట్టకూడదు మరి. కొంచెం కొంచెంగా వేడి పెంచి, తలుపు తియ్యకుండా నిదానంగా చల్లారిస్తేనే అది ఇంజను వేడికి ఆగుతుంది. నాన్నకి అంత ఓపికెక్కడిది? మొదటిది స్నేహితుడింట్లో కాల్చి మెలికలు తిప్పేశారు. ఈ పనికి కళ్లార్పకుండా భయపడే మనిషి కావాలి."

"అంటే పొద్దున హాల్లో..."

"గట్టిగానే మాట్లాడాం."

"నీ అంత శ్రద్ధగా భయపడేవాళ్లు ఈ భూమ్మీద లేరే!" అన్నాడు ప్రయోగమూర్తి. కంగారమ్మ ఇసుక బక్కెట్టు ఎత్తింది. ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు.

సోమవారం కంగారమ్మ పట్టుబట్టి తనూ కారెక్కింది. ఏమైనా అయితే అందరికీ కలిసే అవుతుందని ఆమె లెక్క. ప్రయోగమూర్తిని ముందు సీట్లో కూర్చోబెట్టింది, మొదట ఆయనకే తగలాలని.

కొండ మొదలైంది. కారు రొప్పలేదు, దగ్గలేదు. కొత్త ముక్కుతో గుండెల నిండా గాలి పీల్చుకుని, వయసొచ్చిన కోడెదూడలా రివ్వున ఎక్కసాగింది. ఒక మలుపు, ఇంకో మలుపు. చెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. ఆ రోజు ఊహలోకొచ్చిన లారీ ముందు కనబడింది, మీసాల డ్రైవరుతో సహా. మరుక్షణం వెనకబడిపోయింది.

"మెల్లిగా తల్లీ! మెల్లిగా! ఇంత వేగమేంటే? ఈ బండికి పాత గొట్టమే నయం! ఇలాంటి దిక్కుమాలిన ముక్కుని ఇంత గట్టిగా కాల్చిందెవరే?"

ముందు సీట్లో ఆయన భుజాలు కదులుతున్నాయి గాని తల వెనక్కి తిరగలేదు. అమ్మాయి అద్దంలోంచి తల్లిని చూసి పెదవి కొరుక్కుంది.

కంగారమ్మ కిటికీ వైపు తిరిగి, "కొండ బాగుందే" అంది.